ఖాళీ ఫైలు మహిమ

పాత కంప్యూటర్‌లో జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టి సినిమాలన్నీ టీవీకి ఎక్కించాను. స్కాన్ మొదలెట్టగానే అటక కూడా వదలని చుట్టంలా ప్రతి ఫోల్డరూ తవ్వేసింది. నా బొజ్జ కరిగించే డాన్సు వీడియోకి ఏదో సినిమా పోస్టరు అంటించి మరీ చూపెట్టింది.

‘‘అల్లుడుగారూ, ఈ హీరో అచ్చం మీలాగే ఉన్నాడే!’’ అన్నారు అత్తగారు.

మందు చిన్నదే. దాచుకోవాల్సిన ఫోల్డర్‌లో ‘.ఇగ్నోర్’ అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో పేరు పెట్టి ఖాళీ ఫైలు పడేసి, మళ్లీ స్కాన్ చేయిస్తే చాలు, ఇక అటు తొంగిచూడదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘.నోమీడియా’దీ ఇదే పని.

అక్షరం ముక్క లేని ఫైలుకి అంత విలువ! మా నాన్న పింఛను ఫైల్లో నలభై కాగితాలున్నాయి. రెండేళ్లుగా ఒక్కరూ తెరవలేదు. పేరు ముందు ఎవరో చుక్క పెట్టేసి ఉంటారు.