తుపాకీ చతుష్టయానికి టీకా తాత్పర్యము

మూలము

కొనకు గన్ను ముందు గురునిఁ గనుగొనుము
రెండు చేతులకును రెండు కలవు
భుజముకొఱకు నొకటి పొగగొట్టములజంట
నాల్గు లేనివాఁడు నాటకాఁడు

అవతారిక

కవి ఎవరో తెలియదు. గన్ను అన్నాడు కాబట్టి మన కాలం వాడు. మూడో పాదంలో పొగగొట్టం తెచ్చాడు కాబట్టి కట్టెల పొయ్యి ఎరిగిన ఇంట్లో పుట్టినవాడు. ఛందస్సు ఆటవెలది. ఆట గురించిన పద్యానికి అది తగినదే. సీసం వాడలేదేమని అడిగేవారికి సమాధానం, సీసం ఈ ఆటలో తూటాలకు కేటాయించారు.

వ్యాఖ్యాతది మెతుకుసీమలో, అంటే మెదక్ జిల్లాలో, అల్లాదుర్గం. కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది కొలిచాల, అంటే ఇప్పటి కొల్చారం, ఇదే జిల్లా. ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఆ మహానుభావుడు ముందే కట్టుబాటు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం మాకు సమ్మతం. రెండో సగం కూడా పాటిస్తే ఈ వ్యాఖ్య ఇక్కడే ఆగిపోవాలి.

సందర్భం ఇది. అమెరికాలో డాలస్ పక్కన ఉద్యోగం చేసే మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, శనివారాలు కౌబాయ్ షూటింగుకు పోదామనుకుంటున్న. ఏ గన్ను కొనాలె?" అన్నాడు. కొడవలి తప్ప ఆయుధం పట్టనివాణ్ణి ఈ మాట ఎందుకడిగాడంటే, దుకాణంవాడు కొనమంటాడు, భార్య వద్దంటుంది, మధ్యస్థంగా మాట్లాడేవాడు మామ ఒక్కడే.

ఆట స్వరూపం చెప్పుకోకపోతే టీక నడవదు. 1980ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలో కొందరు మొదలుపెట్టిన పోటీ ఇది. పందొమ్మిదో శతాబ్దం చివరి నాటి పడమటి అమెరికా వేషం వేసుకోవాలి. ఆ కాలపు తుపాకులో, వాటి నకళ్ళో పట్టాలి. కాల్చేది ఇనుపపలకలను. గడియారం పెడతారు, ఎంత త్వరగా ముగిస్తే అంత మేలు, తప్పిన ప్రతి గుండుకూ 5 సెకన్లు కలుపుతారు. సభ్యుడు ఒక మారుపేరు పెట్టుకోవాలి, అది ఇంకెవరికీ ఉండకూడదు. శ్రీనివాసులు ముగ్గురు లేని తరగతిలో ఎన్నడూ కూర్చోని మా అల్లుడికి ఈ ఒక్క నియమం చాలు, ఆట నచ్చడానికి.

ప్రతిపదార్థము

గన్ను = తుపాకీని; ముందు = జీతం పడిన మర్నాడే; కొనకు = కొనవద్దు; గురునిఁ = బాగుచేయగల మిస్త్రీని, అమెరికావారి గన్‌స్మిత్‌ను; కనుగొనుము = వెతుక్కో; రెండు చేతులకును = కుడిఎడమలకు; రెండు కలవు = రివాల్వర్లు రెండు ఉన్నాయి; భుజముకొఱకున్ = భుజానికి ఆనించేందుకు; ఒకటి = లీవరు రైఫిలు; పొగగొట్టముల జంట = రెండు గొట్టాల షాట్‌గన్; నాల్గు లేనివాఁడు = ఈ నాలుగూ సమకూరనివాడు; నాటకాఁడు = దీని సంగతి టీకలో.

టీక

"కొనకు" అని నిషేధంతో ఎత్తుకోవడం అపూర్వం. వస్తువు గురించి చెప్పబోయే కవి ముందు దాన్ని కొనవద్దంటున్నాడు. ఎందుకు? మొదటి వారం కళ్ళద్దాలు, చెవిమూతలు పెట్టుకుని ఉత్త చేతులతో పోటీ చూడ్డానికి వెళ్ళాలని. కౌబాయ్ పోటీల్లో పాతకాపులు కొత్తవాడికి తమ తుపాకీ ఇచ్చి నాలుగు గుండ్లు కాల్చి చూడమనడం మామూలే. పిడి చేతిలో ఇముడుతుందా, బొటనవేలు సుత్తిని అందుకుంటుందా అన్నది పటాలు చూస్తే తెలిసే విషయం కాదు.

ఇక్కడ కవి చెప్పనిది వ్యాఖ్యాత చెప్పాలి. అల్లుడి దగ్గర ఉన్నది గ్రీన్ కార్డా, హెచ్-1బి వీసానా? తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కలిగి ఉండరాదని అమెరికా కేంద్ర చట్టం. అరువుకు తీసుకుని చేత్తో పట్టినా కలిగి ఉన్నట్టే. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. అంటే ఇనుపపలకను కొట్టాలంటే జింకను కొట్టే అనుమతి జేబులో ఉండాలి. జింక బతికే ఉంటుంది, లైసెన్సు రుసుము మాత్రం పోతుంది. కాబట్టి "ముందు" అనే పదానికి ఇంకా ముందు వకీలు ఉన్నాడని గ్రహించాలి.

"రెండు చేతులకును రెండు" అంటే రెండూ ఒకేసారి పేల్చమని కాదు. అలా ఆడే విభాగం వేరే ఉంది, దాన్ని గన్‌ఫైటర్ అంటారు. కొత్తవాడు దాని జోలికి పోరాదు. ఒకటి ఖాళీ చేసి ఒరలో పెట్టి రెండోది తీయాలి. ఇవి సింగిల్ యాక్షన్ రివాల్వర్లు, అంటే ప్రతి గుండుకూ బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగాల్సిందే. ఆరు గదులున్నా అయిదే నింపుతారు, సుత్తి ఖాళీ గది మీద ఆనుతుంది. పాత కోల్ట్‌లో సుత్తి నేరుగా తూటా వెనకభాగం మీద ఆనేది. కింద పడితే పేలేది. ఆ భయం నుంచి పుట్టిన ఆచారం ఇప్పుడు నియమమైంది.

మూలవిగ్రహం 1873 నాటి కోల్ట్. దాని అసలు ప్రతి ధర అడగవద్దు. ఇటలీలో ఉబెర్టీవారు చేసే నకలు అందంగా ఉంటుంది, పిడి కూడా ఆనాటి కొలతే. అమెరికాలోనే రూగర్‌వారు 1993లో తెచ్చిన వకేరో చూడ్డానికి పాతది, లోపల కొత్తది. స్ప్రింగులు గట్టి రకం, సుత్తికీ తూటాకూ మధ్య అడ్డుకమ్మీ ఉంటుంది. మొరటుగా వాడేవాడికి రూగరు, ముచ్చట పడేవాడికి ఉబెర్టీ అని మా నిర్ణయం. ఏదైనా జంట ఒకే రకం కావాలి. ఒకటి అదీ ఒకటి ఇదీ కొన్నవాడు పోటీ మధ్యలో చేతికి మళ్ళీ పాఠం చెప్పుకోవాల్సి వస్తుంది.

మేనల్లుడి మనసులో మెదిలేది కృష్ణగారి టోపీ అని మాకు తెలుసు. 1971లో వచ్చిన మోసగాళ్ళకు మోసగాడు మన కౌబాయ్ సినిమాలకు ఆది. అందులో గుర్రాల మీద తుపాకులు పేలుతున్నప్పుడు వెనక కలం పట్టింది ఆరుద్ర. సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన చేయే కౌబాయ్ కథా మాటలూ రాసిందంటే, ఈ పద్యానికి టీక రాయడానికి మేము సిగ్గుపడనక్కర లేదు. కాని సినిమా రివాల్వరును ఆదర్శంగా పెట్టుకుంటే ప్రమాదం. అందులో తూటాలు అయిపోవు.

"భుజముకొఱకు నొకటి." లీవరు రైఫిలు. కింద ఉన్న కడియాన్ని ముందుకు తోసి వెనక్కి లాగితే ఖాళీ తొడుగు బయట పడి కొత్త తూటా లోపలికి వస్తుంది. ఇందులో శాస్త్రార్థం తూటా కొలత గురించి. రైఫిలు కూడా రివాల్వరు తూటానే తినాలని నియమం. మరి రెండింటికీ ఒకే తూటా ఉంటే సంచిలో గందరగోళం తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. పూర్వపక్షి లేచి, "పాయింట్ 45 కోల్ట్ కదా అసలైన కౌబాయ్ తూటా?" అంటాడు. రివాల్వరు వరకు నిజమే. కాని ఆ కాలంలో పాయింట్ 45 కోల్ట్ తూటాకు లీవరు రైఫిలు ఎవరూ చేయలేదు. 1873 వించెస్టరు 44-40 తూటాతో వచ్చింది. తరవాత కోల్ట్‌వారే ఆ తూటాకు రివాల్వరు చేసి ఇచ్చారు. కనుక ప్రాచీనత పేరుతో పాయింట్ 45కు పట్టుబట్టేవాడి వాదం సగమే నిలుస్తుంది. సిద్ధాంతం: మొదలుపెట్టేవాడికి పాయింట్ 38 స్పెషల్. చవక, దెబ్బ తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. రైఫిలు 1873 నమూనా అయితే లీవరు వెన్నలా కదులుతుంది. 1892 నమూనా బలమైనది, బ్రెజిల్‌లో రోసీవారు చేసేది చవక. కాని దాన్ని వేగానికి లొంగదీయడం మిస్త్రీకి ఎక్కువ పని.

"పొగగొట్టములజంట." కవి గడుసుదనం ఇక్కడ ఉంది. మా వైపు రైతులు కోతులను, అడవిపందులను బెదిరించడానికి ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ వేసి పేల్చే గొట్టాన్ని చూసి ఈ మాట పుట్టి ఉంటుంది. ఆటలో దీని అర్థం పక్కపక్కన రెండు గొట్టాలున్న షాట్‌గన్. కాల్చాక తొడుగులు తమంతట తాము ఎగిరి పడే ఏర్పాటు ఇందులో ఉండకూడదు. గడియారం నడుస్తుండగానే మడత విప్పి, ఖాళీలు విదిలించి, రెండు కొత్తవి దూర్చాలి. కొత్తవాడి సెకన్లన్నీ ఇక్కడే కరిగిపోతాయి. బ్రెజిల్‌లో చేసే స్టోగర్ కోచ్ గన్ చాలు, కాని కొత్తలో అది మొండి మనిషిలా ఒక పట్టాన తెరుచుకోదు. అదే రెండో పద్యానికి దారి.

"నాటకాఁడు." నాలుగు లేనివాడు వేషం కట్టిన నాటకగాడు మాత్రమే అని ఒక అర్థం. న, ఆటకాఁడు అని విడదీస్తే ఆటగాడే కాడని రెండో అర్థం. సంస్కృతపు న తెలుగు ఆటకాణ్ణి ఎలా కలుస్తుందని వైయాకరణులు అడగవచ్చు. గన్నును ఆటవెలదిలో ఇమిడ్చిన పద్యంలో ఈ మాత్రం చెల్లుతుంది.

దేశభేదం వల్ల అర్థం తిరగబడుతుందని గమనించాలి. అల్లాదుర్గంలో నాలుగు లేనివాడు నాటకాడో కాదో గాని, నాలుగు ఉన్నవాడు ముద్దాయి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ లేదు. లైసెన్సు ఉన్నా 2019 సవరణ తరవాత మనిషికి రెండే. గుర్తింపు పొందిన క్రీడాకారుల లెక్క వేరు, కాని ఆ జాబితాలో కౌబాయ్ టోపీకి చోటు లేదు. ఇక్కడ ఉండి గురి నేర్చుకోదలచినవాడు హైదరాబాదు గగన్ నారంగ్ దారి పట్టవచ్చు. 2012 లండన్‌లో ఆయనకు కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిలు.

తాత్పర్యము

ఓ అల్లుడా, ముందు వీసా చూసుకో, పిదప ఆట చూడు, ఆ పిదప మిస్త్రీని చూడు. తుపాకులు ఎక్కడికీ పోవు.

మూలము

మరను మరల దిద్ది మార్చనివాఁడెపో
మంచిపనికి గుర్తు మాటలేమి
అరుగఁ దీయువాని నావలఁ బెట్టుము
స్ప్రింగు కోసి పిదపఁ జింత యేల

టీక

మొదటి పాదంలో "గురువు" అని అధ్యాహారం చేసుకోవాలి. మరను దిద్దాలట, మార్చకూడదట. ఈ విరోధాన్ని పరిహరించడమే ఈ పద్యానికి ప్రాణం.

కొత్త తుపాకీ కర్మాగారం నుంచి పచ్చిగా వస్తుంది. లోపలి ఉక్కు ముక్కలు ఒకదానితో ఒకటి రాచుకునేచోట గరుకు, స్ప్రింగులు అవసరానికి మించి బిర్రు. గన్‌స్మిత్ ఆ రాపిడి జాగాలను నునుపు చేస్తాడు, స్ప్రింగులను తగినంత మెత్తవి వేస్తాడు, షాట్‌గన్ గదులకు మెరుగు పెట్టి తొడుగులు ఇట్టే జారిపోయేలా చేస్తాడు. తుపాకీలో ఉన్న శక్తికి అడ్డుపడేదాన్ని తీశాడు, లేనిదాన్ని తేలేదు. మల్లినాథుడు మేఘసందేశానికి చేసింది సరిగ్గా ఇదే. కవి మాట మధ్యలో తన మాట దూర్చలేదు, పాఠకుడి వేలు ఇరుక్కునే చోట నునుపు చేశాడు. మంచి మిస్త్రీకి పరీక్ష కొలిచాలవారి కట్టుబాటే: తుపాకీలో ఆధారం లేనిది చేయడు, ఆటగాడికి అక్కర లేనిది అమ్మడు.

అక్కర లేనిది అమ్మేవాణ్ణి ఎలా గుర్తుపట్టాలి? ఇంకా ఒక్క గుండూ కాల్చని అల్లుడికి, రైఫిలు లీవరు తిరిగే దూరం తగ్గించే సామాను ఇప్పుడే బిగించుకోమంటాడు. అది నిజంగా ఉపయోగపడేదే, కాని చేతికి వేగం వచ్చాక. నడక రాని పిల్లవాడికి పరుగుపందెం బూట్లు కొన్నట్టు. మంచివాడు, "ఒక ఏడు ఉన్నదున్నట్టు ఆడి రా, అప్పుడు ఏం అడ్డుపడుతోందో నువ్వే చెబుతావు" అంటాడు. "మాటలేమి", అంటే మాటలు లేకపోవడం, అన్నది ఇలాంటి మితభాషిని ఉద్దేశించి. అయితే మాట్లాడనివాళ్ళందరూ పనిమంతులని వ్యాప్తి కట్టరాదు. అతడు స్వయంగా పోటీలకు వస్తాడా, అతడు దిద్దిన తుపాకులు నాలుగేళ్ళయినా ఆడుతున్నవారు క్లబ్బులో ఉన్నారా అని విచారించాలి.

ఒక రహస్య పరీక్ష. తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న గిన్నె ఉంటుంది, ప్రైమర్ అంటారు. ఫెడరల్ కంపెనీది అన్నిటికన్నా మెత్తన. సుత్తి స్ప్రింగును మరీ పలచన చేసిన మిస్త్రీ తుపాకీ ఆ ప్రైమరుతో చక్కగా పేలుతుంది, ఇంకో కంపెనీది పెడితే టక్కుమని ఊరుకుంటుంది. "ఏ ప్రైమరుతో పరీక్షించావు?" అని అడిగితే మిస్త్రీ మొహంలో సమాధానం కనిపిస్తుంది. ఈ ప్రశ్న, ప్రశ్నలకు పేరుపడ్డ బేతాళుడికి కూడా తట్టి ఉండదు.

"అరుగఁ దీయువాని." ఆకురాయి పట్టి ఉక్కును ఎడాపెడా అరగదీసేవాడు. ట్రిగ్గరు మెత్తబడాలని సుత్తి గాడిని ఎక్కువ రుద్దితే, లాగకుండానే సుత్తి పడుతుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే తప్పు. "ఆవలఁ బెట్టుము" అన్న కవి మర్యాదస్తుడు.

ప్రసంగవశాత్తు ఒక మాట. తుపాకీ పనితనం మనకు కొత్తేమీ కాదు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచివాడు రేమండ్ 1795లో హైదరాబాదులో ఫిరంగులు పోతపోయించాడు. ఆ చోటును తోప్ కా సాంచా అన్నారు, ఇప్పుడు గన్‌ఫౌండ్రీ. బీహారులో మీర్ ఖాసిం రాజధానిని ముంగేరుకు మార్చినప్పుడు మొదలైన తుపాకీ పనివారి వంశాలు నేటికీ ఉన్నాయి. అంతమాత్రాన సెలవుల్లో వచ్చిన అల్లుడు, ఊళ్ళో కమ్మరికి తుపాకీ చూపిస్తే సరి అనుకోరాదు. మన చట్టంలో తుపాకీ బాగుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. కమ్మరి కొలిమి నాగలికర్రుకు చాలు.

"చింత యేల." దీనికి ఇద్దరు రెండు రకాలుగా అర్థం చెప్పారు. స్ప్రింగు కోసేశాక ఏడ్చి లాభం లేదని ఒకరు. ఆ అర్థంలో చమత్కారం లేదు. కోసిన స్ప్రింగు స్థానంలో కొత్తది కొన్ని డాలర్లకు దొరుకుతుంది, అందుకు చింత పడనక్కర లేదు; అరగదీసిన ఉక్కు తిరిగి రాదు, చింత దానికి పడాలని మేమంటాం. మూడో పాదానికీ నాలుగో పాదానికీ సంబంధం ఈ వ్యాఖ్యలోనే కుదురుతుంది.

తాత్పర్యము

తుపాకీకి ఎంత పెడతావో అందులో కొంత మిస్త్రీకి మిగుల్చుకో. అతడు ఇప్పుడు ఖాళీ లేదు, రెండు నెలలు ఆగమంటే సంతోషించు.

శేషము

మూలంలో లేకున్నా దసరాకు ఊరొచ్చే అల్లుడికి చెప్పవలసింది ఒకటి ఉంది. రేంజికి మోసుకెళ్ళే సంచిలో, అస్తరు మడతలో, ఒక్క తూటా ఎప్పుడూ దాగి ఉంటుంది. శంషాబాదు విమానాశ్రయంలో అది స్కానరు కంట పడితే ఆయుధాల చట్టం కింద కేసు. మారుపేరు, టోపీ, క్లబ్బు కార్డు ఏవీ అడ్డురావు. అత్తగారికి చీరలు పెట్టుకోవడానికి వేరే సంచి కొనుక్కో బిడ్డా. రేంజి సంచిని అక్కడే అల్మారాలో పడేసి రా.