సంగటిముద్ద శాస్త్రం: కలకడ సూత్రాలు, వాటికి భాష్యం

ఏ శాస్త్రం మొదలుపెట్టినా ముందు నాలుగు సంగతులు తేల్చి చెప్పాలని పెద్దల కట్టడి: దేన్ని గురించి, ఎందుకు, దేనితో సంబంధం, ఎవరికి అర్హత. ఈ గ్రంథానికి విషయం రాగి సంగటిముద్ద. ప్రయోజనం, పొడవూ వెడల్పూ మందమూ ఉన్న వస్తువును కంటితోనూ చేత్తోనూ అర్థం చేసుకోవడం. సంబంధం, డిజైన్ విద్యతో. ఇక అర్హత ఆకలిగా ఉన్నవాడికే. కడుపు నిండినవారు ఈ పుట ఇక్కడే మూసి, ఏ పురాణమో చదువుకుని నిద్రపోవచ్చు.

క్షేత్రం రాయలసీమలోని కలకడ. అక్కడినుంచి మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఈ శాస్త్రం చెల్లుతుంది. టమాటాకు పేరుమోసిన సీమలో టమాటాను వదిలేసి ముద్దను పట్టుకోవడం ఏమిటని కొందరు అడగవచ్చు. టమాటా గుండ్రదనం చెట్టు చేసిన పని. రైతు దానికి నీళ్ళు పెట్టగలడు, ఎరువు పెట్టగలడు, ధర పడిపోయిన ఏడు ఇల్లు తాకట్టు పెట్టగలడు. ఆకారం మాత్రం పెట్టలేడు. ముద్ద ఆకారం పూర్తిగా మనిషి చేతిది. కనుక శాస్త్రానికి అదే తగినది.

పూర్వాచార్యులు

డిజైన్ చదువులో ఒక వింత ఆచారం ఉంది. కుర్చీ చేయడం నేర్చుకుందామని వచ్చిన పిల్లవాడి చేత కుర్చీ చేయించరు. దేన్నీ పోలని, దేనికీ పనికిరాని ఆకారాలు, అంటే అరూప రూపాలు, చేయిస్తారు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల బడి పెట్టి, వాళ్ళ చేతికి మొదట ఊలు బంతి ఇచ్చాడు, ఆ తర్వాత కొయ్యతో చేసిన గోళం, ఘనం, స్తంభం. 1919లో వైమార్‌లో మొదలైన బౌహౌస్‌లో యోహానెస్ ఇట్టెన్ ప్రవేశ తరగతి నడిపాడు. తర్వాత అదే తరగతిలో యోసెఫ్ ఆల్బర్స్ కాగితాలు పంచి, ముక్క వృథా కాకుండా ఏం చేస్తారో చేయండన్నాడు. న్యూయార్క్ ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో రొవీనా రీడ్ కోస్టెలో (1900–1988) ఈ ఆచారాన్ని ఒక వరసలో పెట్టింది: మూలలున్న దిమ్మెలు, వంపు తిరిగిన దిమ్మెలు, పలకలు, గాలిలో తీగలు, ఉబ్బు, గుంత. అర్ధశతాబ్దం దాకా ఆమె అదే పాఠం చెప్పింది.

మన దేశానికి 1958లో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు వచ్చి, ఊరూరా తిరిగి, చెంబును చూసి మురిసిపోయారు. ఎంత నీరు పడుతుంది, చంకన ఎలా కూర్చుంటుంది, నిండుగా ఉన్నప్పుడూ వట్టిదైనప్పుడూ బరువు ఎక్కడ నిలుస్తుంది అని ప్రశ్నలు వేసి నివేదిక రాశారు. దాని ఫలంగా 1961లో అహమదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. పాపం, వారు చెంబు దగ్గరే ఆగిపోయారు. చెంబు పక్కన కంచంలో ఏముందో చూసి ఉంటే ఈ గ్రంథం రాసే శ్రమ నాకు తప్పేది.

మొదటి సూత్రం: ముద్ద దేనికీ బొమ్మ కాదు

మట్టితో మామిడిపండు చేసినవాణ్ణి నిజం మామిడిపండు తెచ్చి తప్పుపట్టవచ్చు. చపాతీ దారి తప్పితే శ్రీలంక పటం అవుతుంది, ఆ దేశం గౌరవమైనా దక్కుతుంది. ముద్ద దారి తప్పితే ఏమీ కాదు, చెడిపోయిన ముద్దగానే మిగులుతుంది. పోల్చడానికి బయట ఏ వస్తువూ లేదు కాబట్టి చూసేవాడు ముద్దనే చూడక తప్పదు: ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ నొక్కుకుంది, ఎటు ఒరిగింది. అరూప రూపాల అభ్యాసం ఎందుకని ప్రాట్‌లో చెప్పే పాఠం ఇంతే.

రెండవ సూత్రం: చెయ్యి కాలకముందే రూపం కుదరాలి

ఎసట్లో నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోస్తారు. ఆవిరి పైకి తన్నడానికి కుప్ప నడుమ కట్టెతో బొక్క పెట్టి, మూత వేసి, మంట తగ్గిస్తారు. పచ్చివాసన పోయాక కెలకడం మొదలు. గోధుమపిండిలో ఉండే జిగురు రాగిపిండిలో లేదు. పిండిలోని గంజి రేణువులు వేడినీటికి ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకుంటేనే ముద్ద నిలుస్తుంది. చల్లారేకొద్దీ అదే గంజి బిగుసుకుపోతుంది. అప్పుడు చెయ్యి పెడితే పగుళ్ళే. బంకమట్టి విద్యార్థికి తడిగుడ్డ కప్పుకుని రేపు రావచ్చు. సంగటి విద్యార్థికి రేపు లేదు.

ఇక్కడ రెండు శాఖలున్నాయి. హస్తవాదులు అరచేయి నీళ్ళలో ముంచి నేరుగా ముద్ద చుడతారు. గిన్నెవాదులు తడిపిన గిన్నెలో సంగటి వేసి గిన్నెను ఆడిస్తారు, ముద్ద తనంతట తానే దొర్లి గుండ్రబడుతుంది. చేతి గుర్తు లేని రూపం రూపమే కాదని మొదటివారి వాదం. చేతికి బొబ్బలు లేని బతుకే బతుకని రెండోవారి వాదం. సిద్ధాంతి గిన్నె పక్షమే వహిస్తాడు గానీ, వంట చేసేవారి ఎదుట బయటపడడు.

మూడవ సూత్రం: కన్ను అడ్డం కొలుస్తుంది, కడుపు ఘనం కొలుస్తుంది

ఈ శాస్త్రానికి గుండెకాయ ఈ సూత్రం. ఎనిమిది సెంటీమీటర్ల అడ్డం ఉన్న ముద్ద ఘనపరిమాణం దాదాపు 268 ఘన సెంటీమీటర్లు. అడ్డం రెండే రెండు సెంటీమీటర్లు పెరిగి పది అయితే అది 524. అంటే ముద్ద చూపుకు పావు వంతు పెరిగింది, లోపల దాదాపు రెండింతలైంది. అడ్డమే రెండింతలైతే ఘనం ఎనిమిదింతలవుతుంది, కానీ అంత ముద్ద ఇంతవరకు ఏ అల్లుడికీ పెట్టలేదు.

పెట్టలేదనడానికి కారణం దయ అనుకోరాదు. అవసరం పడలేదు, అంతే. అల్లుడు కంచం ముందు కూర్చుని "చాలత్తా, చిన్నది చాలు" అంటాడు. అత్త "చిన్నదేలే నాయనా, తిను" అని రెండు సెంటీమీటర్లు మాత్రమే పెంచుతుంది. అతడి కన్ను మోసపోతుంది, కడుపు సాక్ష్యం చెబుతుంది. గదులు, డబ్బాలు, సీసాలు గీసేవారందరూ కాగితం మీద అడ్డం చూసి ఘనాన్ని తప్పుగా లెక్కగట్టడం ఈ అల్లుడి జబ్బే. దాన్ని కుదర్చడానికే డిజైన్ బళ్ళలో ముందు దిమ్మెలు చేయిస్తారు. కలకడలో అదే వైద్యం ఒక్క పూటలో అయిపోతుంది, సాయంత్రం దాకా అల్లుడు లేవడు.

నాలుగవ సూత్రం: మూలే ముందు పోతుంది

ముద్ద గోళంగానే ఎందుకు ఉండాలి, ఇటుకలా ఎందుకు ఉండరాదు? ఒకే ఘనపరిమాణం ఉన్న ఆకారాల్లో అతి తక్కువ పైతలం గోళానిది. అంతే సంగటిని సమఘనంగా చేస్తే పైతలం దాదాపు 24 శాతం ఎక్కువవుతుంది, అంత త్వరగా వేడి పోతుంది. అందులోనూ మూలకు మూడు వైపుల నుంచి గాలి తగులుతుంది, అంచుకు రెండు వైపులు, మొగానికి ఒకటే. కాబట్టి మొదట చల్లారి గట్టిపడేది మూలే.

ఈ సూత్రానికి ప్రమాణం కావాలంటే కంచం ముందు నుంచి లేవనక్కర్లేదు, వాకిట్లోంచి గుట్టల వైపు చూస్తే చాలు. ఈ సీమ గుట్టల మీద గుండ్లు చాలావరకు ఒకప్పుడు బీటలు పడిన చదరపు దిమ్మెలే. వాన, ఎండ మూలల్ని మూడు వైపుల నుంచి తిని, అంచుల్ని రెండు వైపుల నుంచి తిని, వాటిని గుండ్రం చేశాయి. కొండ లక్షల ఏళ్ళకు నేర్చిన పాఠం సంగటి కెలికే చెయ్యి ముందే నేర్చి, మూలకు పుట్టే అవకాశమే ఇవ్వలేదు.

ఐదవ సూత్రం: గుంత కూడా రూపమే

ముద్ద కంచంలో పడ్డాక బొటనవేలితో నడుమ గుంత చేస్తారు. తీసేసిన చోటును వట్టి చోటుగా చూసేవాడు ఈ శాస్త్రానికి కొత్త. రొవీనా రీడ్ పాఠాల్లో ఉబ్బు తర్వాత వచ్చేది గుంతే. లేని పదార్థానికి కూడా ఆకారం ఉంటుందని, ఉన్న పదార్థం దాని చుట్టూ నిలబడాలని దాని సారం. గుంత లోతు తక్కువైతే నెయ్యి పొర్లుతుంది. ఎక్కువైతే గోడ పలచబడి, పులుసు పోయగానే తూర్పు వైపు కట్ట తెగుతుంది. సరిగ్గా తవ్విన గుంతలో నెయ్యి కరిగి నిలుస్తుంది, ముద్ద చివరి దాకా కూలదు. చెరువు కట్టలు వేసిన సీమకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

ఆరవ సూత్రం: మూడుంటే మూడూ సమానం కారాదు

ప్రాట్‌లో మొదటి అభ్యాసమే మూడు దిమ్మెలు పేర్చడం: ఒకటి ఏలాలి, ఒకటి దాన్ని అనుసరించాలి, ఒకటి రెండింటికీ కొసరు కావాలి. మూడూ ఒకే కొలతలో ఉంటే కన్ను ఎక్కడా నిలవదు. కంచంలో ఏలేది ముద్ద, అనుసరించేది పప్పో, పుల్లగూరో, నాటుకోడి పులుసో. కొసరు చెనక్కాయల ఊరిబిండి, దాని పక్కన చితక్కొట్టిన ఎర్రగడ్డ. ఊరిబిండి ముద్దంత ఉంటే అది ప్రమాదం. ముద్ద ఊరిబిండంత ఉంటే అది హోటల్.

ఏడవ సూత్రం: అభ్యాసాన్ని దాచుకోరాదు

విద్యార్థి చేసిన అరూప రూపాలు అమ్మకానికి పెట్టేవి కావు. వాటిని పగలగొట్టి మళ్ళీ కలుపుతారు, పారేస్తారు. మిగిలేది వాటిని చూసిన కన్ను. సంగటి ఈ నియమాన్ని పాటించినంత కఠినంగా ఏ కళాశాలా పాటించలేదు. పొద్దున చేసింది మధ్యాహ్నానికి లేదు. మిగిలిన ముద్దను మజ్జిగలో పిసికి తాగేస్తారు, ప్రదర్శనకు పెట్టరు. ప్రతిరోజూ మొదటినుంచి మొదలుపెట్టిన చెయ్యి ముప్పై ఏళ్ళకు కొలపాత్ర లేకుండానే ఒకే కొలత ముద్దలు వరసగా దించుతుంది.

పూర్వపక్షం, సమాధానం

కర్ణాటకవారి ఆక్షేపణ: ముద్ద మాది, మీరు అరువు తెచ్చుకున్నారు. సమాధానం: రాగి మీదీ కాదు మాదీ కాదు, తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల నుంచి వేల ఏళ్ళ కిందట ఇక్కడికి నడిచి వచ్చింది. మీరు ఎక్కువగా ఒట్టి పిండితో చేసి నున్నగా దించుతారు, మేం నూకలు కలిపి పైతలానికి గరుకు ఇస్తాం. రెండూ రెండు అభ్యాసాలు. కుప్పం దగ్గర మూడు రాష్ట్రాల గట్లు కలుస్తాయి, అక్కడ ఈ వాదం తిండి వడ్డించే దాకానే సాగుతుంది.

కోస్తావారి ఆక్షేపణ: అన్నానికి లేని శాస్త్రం సంగటికెందుకు? సమాధానం: అన్నం ఏ గిన్నెలో వేస్తే ఆ గిన్నె ఆకారం, దానికంటూ అభిప్రాయం లేదు.

పోషకాహారవాదుల ఆక్షేపణ: వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడుగా ప్రకటించింది, మీరు ఆకారం గురించి మాట్లాడుతున్నారే! సమాధానం: కాల్షియం ఎముకకు, ఆకారం కంటికి. ప్రకటన రాకముందు కూడా కలకడలో సంగటి ఉడికింది.

ఫలశ్రుతి

ఈ శాస్త్రం చదివినవారికి ఘనపరిమాణం తెలుస్తుంది, గుంత విలువ తెలుస్తుంది, అత్తగారి "చిన్నది" అర్థమవుతుంది. వినినవారికి ఆకలి వేస్తుంది. డిజైన్ బడుల పెద్దలకు ఒక మనవి: ప్రవేశ పరీక్షలో బంకమట్టి, కాగితం, తీగ ఇస్తున్నారు, సంతోషం. వాటి పక్కన ఒక ఎసరు, రెండు గిద్దెల రాగిపిండి, ఒక కట్టె కూడా పెట్టండి. మార్కులు వేయడానికి నిపుణుల్ని పిలవక్కర్లేదు. ఆకలిగా ఉన్నవాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టండి, నమలకుండా మింగమనండి. ముద్ద గొంతు దిగితే విద్యార్థి ఉత్తీర్ణుడు.