నా సీటు రెండు వైపులా తిరుగుతుంది

నా సీటుకి అటూ ఇటూ రెండు మీటలున్నాయి. రెండింటినీ ఒకేసారి నొక్కి సీటుని పైకెత్తితే చట్రం నుంచి ఊడి చేతికొస్తుంది. దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ బిగిస్తే, అప్పటిదాకా రోడ్డు వైపు చూస్తున్న బిడ్డ నన్ను తోసే మనిషి వైపు చూస్తుంది. అర నిమిషం పని. అయినా నన్ను తోసినవాళ్లలో చాలామంది ఆ మీటల జోలికి పోలేదు. ఒకసారి ఎటు పెట్టారో అటే వదిలేశారు. నా బతుకులో చెప్పుకోదగ్గ సంగతంతా ఆ రెండు మీటల దగ్గరే ఉంది.

నేనుండేది స్కాట్లండ్‌లో, టే నది ఒడ్డున ఉన్న డండీ ఊళ్లో. పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండిని నేను, ఇక్కడ నన్ను బగ్గీ అంటారు. మా వంశంలో తొలి బండిగా చెప్పుకునేది 1733లో ఇంగ్లండ్‌లో తయారైంది. డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం విలియం కెంట్ చేసిచ్చాడు. గవ్వ ఆకారంలో సీటు, లాగడానికి మేకో పొట్టి గుర్రమో. లాగే బండి గనక పిల్లలు ముందుకే చూసేవారు. తర్వాత లాగడం పోయి తోయడం వచ్చింది. పెద్ద చక్రాల ప్రామ్‌లో వెల్లకిలా పడుకున్న పసిబిడ్డకి తోస్తున్న దాది మొహం కనపడేది. 1889లో అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియం రిచర్డ్‌సన్ అనే నల్లజాతి ఆవిష్కర్త ఒక పేటెంటు తీసుకున్నాడు. ఆయన బండిలో బుట్టని కావాలంటే తల్లి వైపు, కావాలంటే వీధి వైపు తిప్పుకోవచ్చు. బిడ్డ ఎటు చూడాలన్నది తల్లి ఇష్టానికి వదిలిన ఆ మనిషినే నేను నా మూలపురుషుడిగా తలుచుకుంటాను.

మరి ఇవాళ వీధుల్లో ఇన్ని బండ్లు పిల్లల్ని బయటికే చూపిస్తూ ఎందుకు పోతున్నాయి? పిల్లల మనసు గురించి ఎవరో ఆలోచించి చేసిన ఏర్పాటు కాదది. 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే ఇంజనీరు గొడుగులా ముడుచుకునే బగ్గీని రూపొందించాడు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన అనుభవం ఆయనది. అల్యూమినియం గొట్టాలు, బరువు మూడు కిలోలకి లోపే. ఒక చేత్తో బిడ్డని, ఇంకో చేత్తో బండిని పట్టుకుని తల్లి బస్సెక్కగలిగింది. అది చిన్న మేలు కాదు. ప్రామ్ బరువుకి జడిసి ఇంట్లోనే ఉండిపోయిన తల్లులు ఆ బండితో ఊరు చూశారు. అయితే ముడుచుకునే ఆ చట్రానికి వేరే సీటంటూ లేదు. గుడ్డని గొట్టాలకే తగిలించారు. తిప్పడానికి వీల్లేదు. బిడ్డ ఏ వైపు చూడాలో కీళ్లూ గొట్టాలూ తేల్చేశాయి. అదే అలవాటై, అదే సహజం అనిపించేసింది.

నన్ను కొన్నది రాజమండ్రి నుంచి వచ్చిన జంట. ఆయన డాక్టరు, ఆవిడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. వాళ్ల పాపకి కూర్చోవడం వచ్చీ రాగానే నాలో కూర్చోబెట్టారు, మొహం బయటికి పెట్టి. "లోకం చూడనీ" అన్నాడాయన, ఎంతో ప్రేమగా. పాప ఎత్తులోంచి ఆ లోకం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మోకాళ్లు, చేతిసంచులు, కుక్కల మూతులు, ఆగి ఉన్న కార్ల పొగ. నది మీంచి వచ్చే గాలి తిన్నగా మొహానికే కొడుతుంది. ఊరి నడిమధ్య ఒక చర్చి గోడ మీద పెంగ్విన్ బొమ్మలు వరసగా నడుస్తున్నట్టు నిలబెట్టి ఉంటాయి. అంటార్కిటికాకి వెళ్లిన డిస్కవరీ ఓడ ఈ ఊళ్లోనే కట్టారు కదా, అందుకు. వాటిని చూడగానే పాప ఎగిరిపడి చెయ్యి చాపేది. ఆ చెయ్యి నా టాపు కింద ఉండిపోయేది, పైనుంచి తల్లికి కనపడేది కాదు. పాప మెడ తిప్పి వెనక్కి వెతికేది. ఆ తిరగడంలో నడుం పట్టీ బిగుసుకునేది, బరువు ఒక పక్కకి ఒరిగేది. మొహం దొరక్క మళ్లీ ముందుకి తిరిగేది. కొన్నాళ్లకి చెయ్యి చాపడం తగ్గించేసింది. బుద్ధిగా కూర్చుంటోందని ఇంట్లో మురిసిపోయారు.

అప్పుడు రాజమండ్రి నుంచి అమ్మమ్మ వచ్చింది. మొదటి రోజే వీధిలోకి వెళ్తూ ఆగిపోయింది.

"ఏమే అమ్మడూ, పిల్లని అలా అటు తిప్పేశారేంటి? దానికి నువ్వు కనపడొద్దూ?"

"లోకం చూస్తుందని ఆయన అలా పెట్టారమ్మా."

"లోకం ఎక్కడికి పోతుందే? పక్కన నువ్వుండి చెప్తేనే కదా అదేంటో దానికి తెలిసేది!"

అల్లుడు నొచ్చుకోలేదు. "ఉండండి అత్తయ్యగారూ, ఇది తిరుగుతుందనుకుంటా" అని మెట్ల మీదే నన్ను ఆపి, మీటలు నొక్కి, సీటు తిప్పాడు. ఎదురుగా వాళ్లమ్మ మొహం కనపడగానే పాప రెండు కాళ్లతో నా పాదపట్టీని టపటపా కొట్టింది.

అమ్మమ్మ మాటలో నాకు కొత్త సంగతొకటి తెలిసింది. వాళ్ల ఊళ్లో బిడ్డని చంకనేసుకుని తిరుగుతారు. చంకలోని బిడ్డకి ఎత్తుకున్న మనిషి మొహం జానెడు దూరంలో ఉంటుంది, తల తిప్పితే వీధంతా కనపడుతుంది. కోడిని చూసి బెదిరితే వెంటనే ఇటు తిరిగి మొహం చూస్తుంది, మొహం నవ్వుతుంటే మళ్లీ కోడి వైపు తిరుగుతుంది. లోకమా, అమ్మా అని ఎంచుకోవాల్సిన పని ఆ బిడ్డకి లేదు. ఆ అవస్థ చక్రాల బండ్లు తెచ్చినదే.

బండిలో బిడ్డ ఎటు చూడాలన్న ప్రశ్న మీద మొదట గట్టిగా పరిశోధన చేసింది ఈ డండీ యూనివర్సిటీలోనే. 2008లో సుజాన్ జీడిక్ బృందం ఆ వివరాలు బయటపెట్టింది. పాప నిద్రపోతుంటే మాగ్డలెన్ గ్రీన్ మైదానంలో బెంచీ మీద కూర్చుని పాప వాళ్లమ్మ అవన్నీ భర్తకి చదివి వినిపించింది. బ్రిటన్ వీధుల్లో 2,722 మంది పెద్దల్ని, వాళ్ల పిల్లల్ని గమనించారు. పిల్లలు తమ వైపు తిరిగి ఉన్నప్పుడు పెద్దలు మాట్లాడుతూ కనపడటం, అటు తిరిగి ఉన్నప్పటి కంటే రెట్టింపు. మాటకారి తల్లులే అలాంటి బండి కొంటారేమో అన్న అనుమానం రావచ్చు. అందుకే 20 మంది పిల్లల్ని ఊళ్లో ఒక మైలు తిప్పారు, సగం దూరం అటు చూపించి, సగం దూరం ఇటు చూపించి. అదే తల్లి, అదే బిడ్డ. తల్లి వైపు తిరిగినప్పుడు పిల్లల గుండె వేగం కాస్త తగ్గింది. నిద్రపోవడం, నవ్వడం ఎక్కువయ్యాయి. ఇరవై మందంటే చిన్న లెక్కే. కానీ అందులో తేలింది నా పట్టీలకి ఎప్పుడో తెలుసు.

పాప వాళ్లమ్మ ఇంకొకటి చదివింది, 1985లో అచ్చయిన ప్రయోగం. ఏడాది వయసున్న పిల్లల్ని ఒక బల్ల మీద పాకనిచ్చారు. బల్ల మీదంతా గాజు పలక, మధ్యలోంచి దాని కింద కొద్దిపాటి లోతు. అవతలి చివర తల్లి. తల్లి నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది ఆ లోతు మీంచి దాటారు. తల్లి మొహంలో భయం చూపిస్తే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. కొత్త చోటు మంచిదో చెడ్డదో తేలనప్పుడు బిడ్డ తనవాళ్ల మొహం చూసి తెలుసుకుంటుంది. మరి ఆ మొహాన్ని వీపు వెనక పెట్టి, ఎదురుగా లారీల్ని, గుంపుల్ని చూపించి "లోకం చూడు" అంటే బిడ్డ ఏం చేస్తుంది?

విదేశంలో పెరిగే తెలుగు పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం అనిపిస్తుంది నాకు. డండీ వీధి తెలుగు మాట్లాడదు. దుకాణం బోర్డులు, బస్సులో మాటలు, పార్కులో పిల్లల కేకలు అన్నీ ఇంగ్లిషే. తెలుగు ఆ పాపకి దొరికేది నన్ను తోసే మనుషుల నోటి నుంచి మాత్రమే. సీటు తిరిగాక అమ్మమ్మ నోరు ఆగలేదు. "అదిగో పిట్ట, ఎగిరిపోయింది చూశావా", "వాన చినుకు ముక్కు మీద పడిందా తల్లీ", "అదిగో వంతెన, తాతయ్య ఊళ్లో ఇలాంటిదే గోదారి మీద ఉంది". పాప ఆ పెదాల కదలికనే చూస్తూ కూర్చునేది. దాని నోట మొదటగా వచ్చిన "పిట్ట" నా సీట్లో కూర్చుని అన్నదే.

"లోకం చూడనీ" అన్న తండ్రి మాటలోనూ న్యాయముంది. పాప నడక నేర్చి, మాటలొచ్చాక, ఎదురుగా కూర్చోనని పేచీ పెట్టింది. "అటు, అటు" అని వేలు చూపించింది. ఆ రోజు మళ్లీ తిప్పారు. ఇప్పుడు అది గొంతెత్తి పిలవగలదు, "అమ్మా, అది చూడు" అనగలదు. మొహం కనపడకపోయినా మాట అందుతుంది. అందుకే నేను చెప్పేది ఇది: నోటితో అడగడం రానంతవరకు బిడ్డ మీ వైపే ఉండాలి. అడగడం వచ్చాక దాని మాట వినాలి.

అయితే తిప్పి కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోదు. మా వీధిలోనే చూశాను, బిడ్డ ఎదురుగానే ఉంటుంది, తోసే మనిషి మొహం మాత్రం ఫోనులో ఉంటుంది. 1978లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడి బృందం తల్లుల్ని కాసేపు ఏ కదలికా లేని మొహంతో బిడ్డ ముందు కూర్చోమంది. కొన్ని నిమిషాలు కూడా పిల్లలు తట్టుకోలేకపోయారు. నవ్వించబోయారు, కుదరక మొహం తిప్పేసుకున్నారు. మొహం ఎదురుగా ఉండీ పలకకపోతే బిడ్డకి మరీ కష్టం.

తిరిగే సీటున్న బండ్లు మామూలుగా బరువెక్కువ, ధర ఎక్కువ. అందరూ కొనలేరు, అందులో తప్పేమీ లేదు. కొనబోయేవాళ్లు మాత్రం రంగు, కప్పు పెట్టుకునే చోటు చూసే ముందు, సీటు తిరుగుతుందా అని దుకాణంలో అడగండి, తిప్పి చూపించమనండి. తిరగని బండే ఉంటే రోడ్డు మీద అప్పుడప్పుడూ ఆగండి. బ్రేకు వేసి, ముందుకొచ్చి, బిడ్డ కళ్లకి అందేలా కిందికి వంగండి. అది చెయ్యి చాపిన వైపు మీరూ చూసి, అదేమిటో మన మాటలో చెప్పండి.