బోడిగుండుకూ మోకాలికీ

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టొద్దని పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాట పుట్టించిన పెద్దాయన జన్మలో బరువు తగ్గాలని చూసి ఉండడు. నా విషయంలో ఆ ముడి నాలుగే నెలల్లో, నా కళ్లముందే, గోగునార తాడు బిగించినంత గట్టిగా పడింది.

దసరా వెళ్లాక నా కుడి మోకాలు మెట్లెక్కనని మొరాయించింది. గుంటూరు కొత్తపేటలో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూశారు. తర్వాత నన్ను చూశారు. "మోకాలి తప్పేం లేదండీ, పైన సరుకే ఎక్కువైంది" అన్నారు. తొంభై నాలుగు కిలోలు. మిర్చి యార్డు లెక్కలో రెండు టిక్కీల, అంటే రెండు బస్తాల, పైమాట. "ఒక పదిహేను కిలోలు దించండి" అన్నారు, హమాలీకి పురమాయించినట్టు.

దించడం ఎలా అన్నదానికి మావైపు సలహాల కరువు లేదు. కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పూ నూనే లేకుండా వండుకు తినమని ఏళ్లుగా చెబుతున్నారు. 2017, 18 ప్రాంతాల్లో విజయవాడ వైపు నుంచి వీరమాచనేని రామకృష్ణగారి పేరు మోగింది: అన్నం మానండి, కొబ్బరినూనె తాగండి, నిమ్మకాయలు పిండుకోండి, నాలుగు లీటర్ల నీళ్లు పట్టించండి. ఆ రోజుల్లో పెళ్లి పంక్తిలో కూర్చుని జేబులోంచి నిమ్మకాయ తీసినవాళ్లను నేనే చూశాను. ఆ వెనకే మైసూరు నుంచి ఖాదర్ వలీగారి సిరిధాన్యాలు వచ్చాయి. మా తాత కొర్రన్నం, జొన్నన్నం తిని తిని విసిగి, 1967లో సాగర్ కుడికాలవకు నీళ్లొదిలాక, హమ్మయ్యా అని వరన్నంలోకి మారినవాడు. మనవలం మేము, వరన్నం కన్నా ఎక్కువ ధర పెట్టి మళ్లీ కొర్రల దగ్గరికి చేరాం. తాత ఉంటే నవ్వుకోవడానికి ఓపిక చాలేది కాదు.

ఈ ముగ్గురిలో ఎవరిది ఒప్పో తేల్చేటంత చదువు నాకు లేదు. నేను చేసిన తప్పు మాత్రం అచ్చంగా నా సొంతం. ముగ్గురి దగ్గరా 'వద్దు'లన్నీ ఏరుకుని, 'తినండి'లన్నీ వదిలేశాను. ఒకరు అన్నం వద్దన్నారు, మానేశాను. ఒకరు నూనె వద్దన్నారు, మానేశాను. ఒకరు పాలూ మాంసం వద్దన్నారు, అవీ మానేశాను. ఇక ముగ్గురికీ అభ్యంతరం లేనిది ఏం మిగిలిందా అని చూస్తే కీరదోసకాయా మంచినీళ్లూ తేలాయి. ఈ సర్వమత సమ్మేళనాన్ని ఫోన్లో వివరిస్తే నరసరావుపేట నుంచి మా వదినగారు, అంటే మా ఆవిడ అక్కగారు, "నేనూ చేస్తాను మరిదీ" అని చేరారు. ఆవిడకు కూతురి పెళ్లి ఉంది. పెళ్లికూతురి కంటే సన్నగా కనపడాలన్నది కోరిక. ఆవిడకు మరొకటి కూడా ఉండేది. నడుం దాటిన జడ.

మొదటి వారం నాలుగు కిలోలు తగ్గాను. ఆ ఆనందంలో ఒంగోలు నుంచి అల్లూరయ్య మైసూర్‌పాక్ తెప్పించి వీధంతా పంచుదామనిపించింది. పత్తి బేరం మీద వచ్చిన మా బాబాయికి చెప్పాను. బాబాయిది పర్చూరు పక్క పల్లె. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లా రైతు, ఆ తర్వాత చేలోంచి అడుగు కదపకుండానే బాపట్ల జిల్లా రైతు.

"తేమ ఎంత తీశావురా?" అన్నాడు.

"తేమేంటి బాబాయ్?"

"సీసీఐ వాడి దగ్గరికి పత్తి తీసుకెళ్తే ముందు తేమే చూస్తాడు. ఎనిమిది శాతం దాకా పూర్తి ధర. అక్కణ్ణుంచి పన్నెండు దాకా శాతానికింత అని తరుగు. పన్నెండు దాటితే బండి వెనక్కి. నీ నాలుగు కిలోల్లో నీళ్లెన్నో, సరుకెంతో?"

డాక్టర్లు చెప్పేదీ అచ్చంగా ఇదే. కాలేయంలోనూ కండల్లోనూ దాచిపెట్టిన పిండిపదార్థం గ్రాముకు మూడు గ్రాముల చొప్పున నీళ్లను పట్టుకుని ఉంటుంది. తిండి మానగానే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే, దాంతోపాటు పోయేవి ఆ నీళ్లే. మొదటి వారం విజయోత్సవం చాలామటుకు స్నానాలగదిలోనే జరిగిపోతుంది. పత్తి కొనేవాణ్ణి మోసం చేయలేం గానీ మనల్ని మనం మోసం చేసుకోవడానికి తేమ మిషను అడ్డు రాదు.

పది వారాల్లో పదిహేను కిలోలు తగ్గాను. మోకాలు నిజంగానే మాట విన్నది, ఆ మాట ఒప్పుకోవాలి. ఊళ్లోవాళ్లు మాత్రం "బాగా తగ్గావే" అనలేదు. మా జిల్లాల్లో సన్నబడ్డవాణ్ణి పలకరించడానికి ఒక్కటే మాట. గొంతు తగ్గించి, "షుగరా?" అంటారు.

భోగి రోజున తలంటు పోసుకున్నాను. పాతవన్నీ మంటలో వెయ్యాలంటారు. నా తల ఆ సంగతి ముందే విన్నట్టుంది. కుంకుడు రసం కారినచోట తూము మూసుకుపోయింది. దిండు మీద, కంచం పక్కన, చొక్కా మెడ మీద, ఎక్కడ చూసినా నేనే. వారం తిరిగేసరికి డొంకదారిలా ఉన్న పాపిట చిలకలూరిపేట దగ్గర ఆరులైన్ల రోడ్డంత అయింది. ఆ సాయంత్రమే నరసరావుపేట నుంచి ఫోను. "మరిదీ, దువ్వెన పెడితే దువ్వెనకే జడ వస్తోంది!"

నేరం ఎవరిమీద వెయ్యాలన్నదానికి ఇంటింటా కమిషన్లు కూర్చున్నాయి. బోరునీళ్లన్నారు. షాంపూ అన్నారు. హెల్మెట్ అన్నారు. పెళ్లింట దిష్టన్నారు. డైటింగ్ మీద మాత్రం ఒక్కరికీ అనుమానం రాలేదు. అది పండక్కి ముందే అయిపోయింది మరి. హత్య జరిగిన నాటికి ముద్దాయి ఊళ్లోనే లేడు.

చర్మం డాక్టరమ్మగారు మా కమిషన్ల నివేదికలన్నీ పక్కన పెట్టి, "రెండు మూడు నెలల కిందట ఏం జరిగింది?" అని అడిగారు. జ్వరమా, కాన్పా, ఆపరేషనా, లేక తిండి మానేశారా? తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయట. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం లెక్కలోనిదే. పదింట ఎనిమిదీ తొమ్మిదీ ఎప్పుడూ ఎదుగుతూ ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. తిండి ఉన్నట్టుండి తెగిపోతే, మనం పెళ్లికి సన్నబడుతున్నామని ఒంటికెవరు చెబుతారు? కరువొచ్చిందనుకుంటుంది. గుండె, మెదడు, కాలేయం, వీటి జీతాలు ఆపలేదు. జుట్టు, గోళ్లు ఉన్నాయి చూశారూ, అవి చిన్న కాంట్రాక్టర్లు. బిల్లులు పెండింగులో పెడుతుంది. ఎదుగుతున్న వెంట్రుకలు పని ఆపి, రెండు మూడు నెలలు తలమీదే ధర్నాకు కూర్చుని, ఆనక ఒక్కుమ్మడిగా లేచి వెళ్లిపోతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారట. వినడానికి కొత్త పత్తి విత్తనం పేరులా ఉంది.

ఇదే సంగతి బాబాయికి ఫోన్లో చెబితే సగంలో ఆపేశాడు. "గూడ రాలిందిరా అబ్బాయ్. బెట్టకొచ్చిన పత్తి ఏం చేస్తుంది? ముందు మొగ్గలు, అదే గూడ, రాల్చుద్ది, తర్వాత పూత, తర్వాత పిందె. మొక్క బతకాలి కదా. మందు కొట్టబాక, నీళ్లు పెట్టు, ఎరువెయ్యి." డాక్టరమ్మ ఫీజు తీసుకుని చెప్పింది కూడా ఇంతే. గుడ్లు, పప్పు, పెరుగు, ఆకుకూరలు. రక్తంలో ఇనుము నిల్వ ఎంతుందో పరీక్ష. థైరాయిడ్ కూడా ఓసారి. "ఊడినవి చివర తెల్లటి బొడిపెతో ఊడుతున్నాయి, కుదుళ్లు బాగానే ఉన్నాయి. ఆరు నెలలు ఓపిక పట్టండి, వస్తాయి" అన్నారు.

ఓపిక పట్టమనే డాక్టరు మనకు ఆనడు. వదినగారికి అసలే ఆనడు. ఆవిడ ఇంకో చోటికి తీసుకెళ్లారు. ఆ భవనం పేరు చెప్పను, చెప్పినా మీ ఊళ్లోనూ అలాంటిదొకటి ఉంటుంది. కింది అంతస్తులో బరువు తగ్గిస్తారు, పై అంతస్తులో జుట్టు పెంచుతారు. మధ్యలో లిఫ్టు ఉంది, పైకి చేరడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. విత్తనం అమ్మిన కొట్లోనే పురుగుమందు అమ్మడం మాకు కొత్తేం కాదు. 2021లో మిరపతోటలను నల్లతామర పురుగు ఊడ్చేసినప్పుడు ఏ మందు కొట్టినా పోలేదు. అయినా కొట్లో ప్రతివారం కొత్త డబ్బా ఉండేది. పైఅంతస్తులోనూ అంతే: బయోటిన్ బిళ్లలు, సీరం సీసాలు, మన రక్తమే తీసి మన నెత్తికే గుచ్చే ప్యాకేజీ. కిలో తగ్గడానికి కట్టే సొమ్ముకన్నా అంగుళం పెరగడానికి కట్టే సొమ్ము ఎక్కువ. వెంట్రుక దానంతటది నెలకు సెంటీమీటరు ఎదుగుతుంది, అదీ ఉచితంగా. అందుకే ఆరు నెలలు వాడితే ఏ మందైనా పనిచేస్తుంది.

ఈ సందర్భంలో అమెరికా సంగతొకటి. 1944 నవంబరులో మినసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ముప్పయ్యారుగురు కుర్రాళ్లతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో మాడిపోయిన యూరప్ జనానికి మళ్లీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడానికి. ఆ కుర్రాళ్లు ఆరు నెలలు రోజుకు సుమారు 1570 కేలరీల మీద బతికారు. నీరసించారు, చలికి వణికారు, కలల్లో కూడా తిండే, జుట్టు కూడా రాలింది. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు ఆకలి ప్రయోగం. కింది అంతస్తులో మా వదినగారికిచ్చిన కాగితం మీద 800 కేలరీలున్నాయి. దానికి వాళ్లు పెట్టిన పేరు ప్లాటినం ప్లాన్. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అర కిలో తగ్గితే చాలు, రోజుకు వెయ్యి కేలరీలకు దిగొద్దు అంటుంది. వారానికి అర కిలో అంటే పెళ్లి ముహూర్తం లోపల ఏం తెములుతుంది?

ఇప్పుడు సూదిమందులూ వచ్చేశాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో దిగాయి. వెగోవీ పరీక్షల్లో నూటికి ముగ్గురికి జుట్టు రాలిందట, ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లలో ఒకరికి. ఎంత ఖరీదైన దారిన వెళ్లినా తరుగు తప్పదన్నమాట. యార్డులో ఎంత తాలులేని తేజా మిరపకాయలు పోసినా తరుగు తియ్యకుండా ఏ వ్యాపారి వదిలాడు?

శివరాత్రికి కోటప్పకొండ వెళ్లాను. ఎలాగూ పోతున్నాయి, స్వామి ఖాతాలో వేస్తే మొక్కన్నా తీరుతుందని. మంగలాయన నా తల తడిపి, అటూ ఇటూ తిప్పి, "సగం స్వామి ముందే తీసుకున్నాడండీ" అన్నాడు. అయినా రేటు తగ్గించలేదు. మోకాలు నొప్పి లేకుండా మెట్లన్నీ దిగాను. బోడిగుండుతో.

ఆ మరుసటి వారం వదినగారు మా ఇంట్లో ఉండగా వీధిలో మైకు వినపడింది. "వెంట్రుకలు కొంటాం... చిక్కు వెంట్రుకలు... పాత సవరాలు కొంటాం..." మోపెడ్ వెనక స్టీలు సామాన్ల సంచి, ముందు వెంట్రుకల సంచి. వదినగారు రెండు నెలలుగా దాచిన కవరు తెచ్చారు. అతను చిన్న కాటా మీద పెట్టాడు. నేను నా సంగతి కూడా అడిగాను. "పొట్టివి మాకొద్దు సార్" అన్నాడు, నా గుండు వంక చూడకుండా, మర్యాదగా.

"ఈమధ్య సరుకు బాగా దొరుకుతున్నట్టుందే?" అన్నాను.

"టౌన్లో కార్తీకం తర్వాత పెరుగుద్ది సార్. ఎందుకో తెలీదు." వారం వారం కాటా పెట్టేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నాకు తెలుసు, చెప్పాను. నవ్వాడు. "మరి పల్లెల్లో? మిరపకోతలకి కర్నూలు నుంచి, మార్కాపురం వైపు నుంచి వచ్చిన ఆడోళ్లు డేరాల్లో ఉంటారు గదా. వాళ్ల దగ్గరా దొరుకుద్ది సార్, బానే. వాళ్లేం తగ్గాలని?"

దీనికి నా దగ్గర జోకు లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైతే కుదురు వదలడానికి ప్లాటినం ప్లాన్ అక్కర్లేదు. పొద్దుగూకే దాకా మిరపచేలో వంగి కోసి, రాత్రి డేరా ముందు ఇంత అన్నం, ఇంత పచ్చిపులుసు. ఒళ్లు దాన్నీ కరువనే అనుకుంటుంది, ఈసారి పొరపాటు పడకుండా.

అతను లెక్కచూసి వదినగారి చేతిలో చిన్న స్టీలు గిన్నె పెట్టాడు. నడుం దాటిన జడలో సగానికి అరచేయంత గిన్నె. ఆవిడ దాన్ని రెండువైపులా తిప్పి, "అంచు పల్చగా ఉందయ్యా" అని బేరం కూడా ఆడారు.

మధ్యాహ్నం మా ఆవిడ ఆ గిన్నె కడిగి, నిండా ముద్దపప్పు వేసి, పైన నెయ్యి పోసి, పక్కన గోంగూర పచ్చడి పెట్టి అక్కగారి ముందుకు జరిపింది. వదినగారు గిన్నె వంక చాలాసేపు చూశారు. కళ్లు చెమర్చాయనుకున్నాను.

"ఇందులో ఎన్ని కేలరీలుంటాయే?" అన్నారు.