ప్రయాణికుడి కళ్లు అద్దెకు తీసుకోవడం ఎలా?

మీ నగల కొట్టు సంగతో, మీ నాయకుడి పుట్టినరోజో తమిళనాడులోని ధర్మపురి అంతా తెలియాలంటే ముందు తప్పించుకోలేని మనిషిని వెతకండి. పేపర్లో ప్రకటన వస్తే పేజీ తిప్పేస్తాడు, టీవీలో వస్తే చానల్ మార్చేస్తాడు. బస్టాండులో సేలం బస్సు కోసం నిలబడ్డవాడు మాత్రం తల తిప్పుకుంటే బస్సు పోతుంది. ‘ఇష్టం లేకపోతే చూడకండి’ అనే మాట అక్కడ చెల్లదు కాబట్టే ఆ చోటుకు గిరాకీ. డబ్బు మీరిస్తారు, ఆ చోటు నడిపే సంస్థ పుచ్చుకుంటుంది. చూపు ఎవరిదో వాణ్ణి అడగనక్కర్లేదు. బస్సు కిటికీలనూ వదలకండి. సన్న చిల్లుల స్టిక్కరు అతికిస్తే బయటివాళ్లకు హారం నిండుగా కనిపిస్తుంది. లోపలి పెద్దాయన తొప్పూరు కనుమ వచ్చిందో లేదో ఆ చుక్కల్లోంచి పోల్చుకుంటాడు.

ఎవరైనా నిలదీస్తే, ఛార్జీలు పెరగకుండా ఆపుతున్నది ఈ డబ్బేనని చెప్పండి, లెక్క మాత్రం చూపకండి. హైదరాబాద్ మెట్రో తొలి అంచనాల్లో ఆదాయంలో సగం టికెట్లది, 45 శాతం స్థలాలు, మాల్స్‌ది. ప్రకటనల వంతు 5 శాతం. స్టేషన్లు ప్రకటనలతో నిండినా 2025 మేలో ఛార్జీలు పెరగనే పెరిగాయి. నష్టాల్లో ఉన్న సంస్థకు అయిదు శాతమూ ఎక్కువే, కాదనను. కానీ అమ్మేది తన సరుకై ఉండాలి కదా. తమిళనాడు ప్రభుత్వ బస్సుల్లో తిరుక్కురళ్ రాయించలేదా అనీ వాదించవచ్చు. అది రాసిన వళ్లువర్ ఏమీ అమ్మడం లేదని ఎదుటివాడికి తట్టనంతవరకూ అది గట్టి వాదనే.

రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టేటప్పుడు కోర్టులకు జంకకండి. బతికున్నవాళ్ల బొమ్మలతో బ్యానర్లు వద్దని మద్రాసు హైకోర్టు 2017 అక్టోబరులో చెప్పాక కూడా అవి వెలుస్తూనే ఉన్నాయి. 2019 సెప్టెంబరు 12న చెన్నై పళ్లికరణైలో ఓ పెళ్లి ఫ్లెక్సీ స్కూటర్ మీద వెళ్తున్న 23 ఏళ్ల ఇంజనీరు మీద పడింది. కిందపడ్డ ఆమె మీదుగా వెనక వస్తున్న ట్యాంకరు వెళ్లిపోయింది. ఫ్లెక్సీలు కట్టొద్దని పార్టీలు కార్యకర్తలకు చెప్పాయి. అలాంటప్పుడు కొన్నాళ్లు ఓపిక పట్టాలి, అంతే. బ్రెజిల్‌లో సావో పాలో నగరం 2007లో హోర్డింగులన్నీ పీకేయించిందన్న వార్త మాత్రం మునిసిపాలిటీ చెవిన పడనివ్వకండి. అంత పెద్ద వ్యాపార నగరంలో అవి లేకుండానే కొట్లు నడిచాయి.

ఇక మిగిలింది బస్సు నుదుటిమీద ఊరి పేరు రాసే బోర్డు. దానికి ఇంకా టెండరు పిలవలేదు, త్వరగా అర్జీ పెట్టుకోండి.