లేటప్ప

అనంతపురంలో టవర్‌క్లాక్ చుట్టుపక్కల గానీ ఆర్టీసీ బస్టాండు దగ్గర గానీ ఏ లాడ్జీలో అడిగినా లేటప్పను గుర్తుపడతారు. రిజిస్టరుకో పేరు ఉంటుంది. ఊరు ఒకసారి కదిరి, ఇంకోసారి మడకశిర. మనిషి మాత్రం ఒక్కడే. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, జేబులో నాలుగు మడతల ఆధార్ జిరాక్సు. పెళ్లికో, కోర్టు వాయిదాకో, పెద్దాసుపత్రిలో ఉన్న చుట్టాన్ని చూడ్డానికో వస్తాడు.

‘24 గంటల చెకౌట్’ అని బోర్డున్న చోట ఆయన యుద్ధం గదిలో దిగకముందే మొదలవుతుంది. రిజిస్టరులో సంతకం పడిన నిమిషం నుంచే లెక్క అని తెలుసు. కాబట్టి సంతకం పెట్టడు. ముందు గది చూడాలంటాడు. ఫ్యాను వేసి చూస్తాడు, కొళాయి తిప్పి చూస్తాడు, మంచమ్మీద కూర్చుని రెండుసార్లు ఊగుతాడు. కిందికొచ్చి టీ తాగుతాడు. ఈలోగా పైన భార్య స్నానం చేసి చీర కూడా మార్చుకుని ఉంటుంది. మూడింటికి వచ్చిన మనిషి నాలుగుంబావుకు వచ్చినట్టు రాయిస్తాడు.

మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయమనే లాడ్జీలో ఎత్తుగడ వేరు. అక్కడ పంచాంగం పనికొస్తుంది. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. ఆదివారం సరిగ్గా అదే వేళకు యమగండం. “రాహుకాలంలో గడప దాటమంటావా అన్నా? దోవలో నాకేమన్నా అయితే నీ లాడ్జీకే చెడ్డపేరు.” శుక్రవారంతోనే చిక్కు. ఆ రోజు రాహుకాలం పదిన్నరకు పట్టి పన్నెండుకే వదిలేస్తుంది. అప్పుడు వర్జ్యం వెతుకుతాడు. అదీ దొరక్కపోతే తుమ్ముతాడు.

పిసినారి కాదు. ధర్మవరం పట్టుచీరకు భార్య వేలు పోస్తుంటే నోరెత్తడు. రూంబాయి చేత ఉగ్గాని బజ్జీ తెప్పించుకుని, “నువ్వూ తినుపో” అని యాభై నోటు చేతిలో పెడతాడు. అరపూట బాడుగ దగ్గరే ప్రాణం పోతుంది. నన్నడిగితే దీనికంతా కారణం నీళ్లు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా ఇది. వీధి కొళాయి దగ్గర బిందె వరసలో నిలబడి పెరిగినవాడికి, తిప్పగానే నీళ్లొచ్చే గదిని వదలాలంటే కాలు రాదు. అందుకే పదకొండున్నరకు రెండో స్నానం మొదలుపెడతాడు. ‘గదిలో బట్టలు ఉతకరాదు’ అన్న కాగితం కిందే రెండు పంచెలు ఆరుతుంటాయి. అవి ఆరకుండా మనిషి ఎట్లా బయల్దేరతాడు?

అసలు ఘట్టం రెండు గంటలకు, కౌంటరు దగ్గర. గంట సేపు చూసీచూడనట్టు పోతారు, ఆపైన సగం బాడుగ, సాయంత్రం దాటితే పూర్తి రోజుది. చాలా లాడ్జీల్లో నోటిమాట మీద నడిచే లెక్క ఇదే.

“రెండు గంటలకు అరపూట బాడుగా? జూన్‌లో రావాల్సిన వాన ఆగస్టుకొస్తాది. దానికెవరప్పా ఫైనేసింది?”

“వానకు మేం రూమియ్యలేదు గదన్నా.”

ఇక పన్ను మీద పడతాడు. వెయ్యి లోపు గదికి 2022 జూలై 18 దాకా జీఎస్టీ లేదని, అప్పట్నుంచి 12 శాతం వేశారని, 2025 సెప్టెంబరు 22న 5కు దించారని తేదీలతో సహా అప్పజెబుతాడు. రోజుకు 5 శాతమైతే అరపూటకు రెండున్నరే పడాలంటాడు. మేనేజరు క్యాలిక్యులేటరు పక్కన పెట్టేస్తాడు.

ఇదే మనిషిని తిరుమలలో చూడాలి. అక్కడ గది 24 గంటలకే ఇస్తారు, కట్టిన డిపాజిట్టు తిరిగి రావాలి. ఆరు గంటలు మిగిలి ఉండగానే తాళం పట్టుకుని విచారణ కార్యాలయం ముందు నిలబడతాడు. రాహుకాలం మాటే ఎత్తడు. కొండమీద అన్నీ మంచి ఘడియలేనట. గుంతకల్లు జంక్షన్‌లో రిటైరింగ్ రూం తీసుకున్నా అంతే బుద్ధిమంతుడు. రైలుకు తుమ్ము వినపడదు.

అనంతపురంలో మాత్రం సగం బాడుగలో సగానికి బేరం తెగుతుంది. పది గంటల నుంచీ సంచులు సర్దుకుని కూర్చున్న భార్య, “ఆ దుడ్లు అప్పుడే పారేసింటే ఈ పాటికి ఊర్లో ఉండేటోళ్లం” అంటుంది. ఆయన వినడు. బస్సు మూడున్నరకు ఉంది.

తాళంచెవి ఇచ్చేసి రిసెప్షన్ సోఫాలో కూలబడతాడు. నీళ్ల క్యాను దగ్గర రెండు సీసాలు నింపుకుంటాడు, ఫోను చార్జింగు పెడతాడు, మేనేజరు చదువుతున్న పేపర్లోంచి లోపలి పేజీలు లాక్కుంటాడు. సోఫాకు చెకౌట్ టైము పెట్టిన లాడ్జీ ఇంకా పుట్టలేదు. ఉండబట్టలేక మేనేజరు లేచి ఫ్యాను స్విచ్చి ఆపేస్తాడు. లేటప్ప తువ్వాలుతో విసురుకుంటూ, పేపర్లోంచి తలెత్తకుండానే అంటాడు:

“కరెంటు పోయినట్లుంది. జనరేటరెయ్యప్పా.”