బెల్టుకున్న మర్యాద

నడుం నొప్పి ఎంతకాలం ఉందన్నది లోకానికి అనవసరం. బెల్టు ఉందా లేదా, అంతే. చొక్కా మీద బెల్టు బిగించుకుని బడ్జ్ బడ్జ్ నుంచి సియాల్దా లోకల్ ఎక్కిన రోజుల్లో "బొషున్ దాదా" (కూర్చో అన్నా) అంటూ జనం జరిగి నాకు చోటిచ్చేవారు. బెల్టు తీసేసి వ్యాయామం మొదలుపెట్టాక ఎవరూ కన్నెత్తి చూడటం లేదు.

అలాగని బెల్టు గొప్పదేం కాదు. మూడు నెలలు దాటిన నడుం నొప్పికి వ్యాయామం చేయించమని, బెల్టులూ ట్రాక్షన్లూ మామూలు వైద్యంగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. కానీ తాతల నాడు శ్రీకాకుళం నుంచి జూట్ మిల్లుల్లో పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ మా వాళ్లకి ఆ సంస్థ చుట్టమా, పక్కమా? బస్తాలు మోసిన ఇళ్లు మావి. నడుం గురించి మాకు ఒకరు చెప్పేదేమిటి?

ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు మోకాళ్ల మీదా అరచేతుల మీదా వాలి, కుడి చెయ్యి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాచాను. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ వచ్చింది.

"ఏటి ఎతుకుతున్నావురా?"

నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. జవాబు రాకపోయేసరికి తనూ వంగి మంచం కింద వెతికింది. అక్కడ బెల్టు దొరికింది.

"ఇదిగో, ఇక్కడే ఉంది. కట్టుకో."

తర్వాత వ్యాయామం బోర్లా పడుకుని మోచేతుల మీద తల ఎత్తడం. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టుకి ఈ దారి 1956లో అనుకోకుండా దొరికింది. ముందు రోగి కోసం తలవైపు ఎత్తిపెట్టిన బల్ల మీద ఇంకో రోగి వచ్చి బోర్లా పడుకున్నాడు. మెకంజీ వచ్చి చూసేసరికి ఆ రోగికి నొప్పి తగ్గింది! అందరికీ ఇదే పడుతుందని కాదు. కదిలితే ఏదో తెగిపోతుందన్న భయంతో బిగుసుకుపోయిన నడుముకి, తెగదని చేసి చూపించాలి. ఓపిగ్గా, రోజూ. అందుకే కాబోలు దీనికి గిరాకీ లేదు.

ఈ కథంతా చెబితే పెద్దమ్మ నమ్మలేదు గానీ, పరీక్షించడానికి చాప మీద బోర్లా పడుకుంది. మోచేతుల మీద తల ఎత్తింది.

"ఒరే, టీవీ బాగా అగుపిస్తంది."

చాప ఇప్పుడావిడది. సీరియల్ అయ్యేదాకా నేను వరండాలో నిలబడాలి.